తాతగారి తుపాకీకి ప్రభుత్వ మెరుగు

ఎన్నికలు వచ్చాయంటే చాలు, చినమల్లవరం వేగేశ్న సోమరాజుగారి తుపాకీ పోలీసు స్టేషనుకి వెళ్లి కూర్చునేది. అదేం పాపం చేసిందని అడక్కండి. లైసెన్సున్న ఆయుధాలన్నీ ఎన్నికలయ్యేదాకా స్టేషన్లో ఉండాలన్నది రూలు. ఆ తుపాకీ బయట ఉంటే ప్రజాస్వామ్యానికి ముప్పని ప్రభుత్వం వారి నమ్మకం. సోమరాజుగారికి ఊహ తెలిసినప్పటినించీ అది ఒక నీటికాకినైనా కొట్టిన పాపాన పోలేదు. చేపల చెరువుల మీద వాలే పిట్టల్ని తోలడానికి ఆయన టపాకాయలు కాలుస్తారు. తుపాకీని కాల్చరు. దాన్ని చూస్తారు.

చూడ్డమంటే ఏదో అలా ఓ చూపు పారెయ్యడం కాదు. పొద్దున్నే కాఫీ అయ్యాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, జంట గొట్టాల్ని ఒళ్లో పెట్టుకుని, వెలుగు వాలుగా పడేట్టు నెమ్మదిగా తిప్పుతూ చూస్తారు. ఆ గొట్టాల నిండా మెలికలు. పళ్లెంలో జంతికలు పేర్చినట్టు ఒక చుట్ట పక్కన ఇంకో చుట్ట, బూడిద రంగువి కొన్ని, నల్లవి కొన్ని, ఈ చివర్నించి ఆ చివరిదాకా. కాలువల ఇంజనీరుగా పనిచేసి సీమకి తిరిగి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర తాతగారు దాన్ని కొన్నారు. ఆ ఉక్కుని డమాస్కస్ అంటారని సోమరాజుగారికి వాళ్ల నాన్నగారు చెప్పారు. ఇనప బద్దనీ ఉక్కు బద్దనీ కలిపి తాడు పేనినట్టు పేని, దాన్ని కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి, సుత్తులతో కొట్టి కొట్టి గొట్టం చేస్తారట. ఈ కాలపు తూటాలు వేస్తే పగిలినా పగలొచ్చు, అందుకని పేల్చొద్దు, చూసుకో అన్నారు.

నకిలీని ఎలా పట్టుకోవాలో కూడా ఆయనే నేర్పారు. మామూలు గొట్టం మీద మెలికలు అచ్చు గుద్ది అమ్మే ఘనులు ఆ రోజుల్లోనూ ఉండేవారు. గొట్టాల కింద చేత్తో పట్టుకునే కర్ర ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసి చూడాలి. నకిలీదైతే కర్ర మొదలైన చోట మెలిక ఆగిపోతుంది. అసలుదైతే కర్ర కింద కూడా అదే మెలిక.

"ఇది పైన పూసింది కాదురా," అనేవారు నాన్నగారు. "మడత కాజా లాంటిది. ఎక్కడ కోసినా మడతే."

కుడి గొట్టం చివర ఒక చుట్ట ఉండేది. సున్నా చుట్టబోయి, మధ్యలో ఏదో పని గుర్తొచ్చి మానేసినట్టుండేది. చిన్నప్పుడు నాన్నగారు సోమరాజుగారి వేలు పట్టుకుని దాని మీద తిప్పేవారు. నాన్నగారు పోయాక ఆ వేలు ఆయనే తిప్పుకుంటున్నారు. ఇంట్లో నాన్నగారి ఫొటోలు చాలా ఉన్నాయి గానీ, ఆయన గుర్తొచ్చేది మాత్రం ఈ సగం సున్నాలోనే. ఈ సంగతి భార్య సుభద్రాయమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, వేళాకోళం చేస్తారని.

ఆ ఏడు ఎన్నికలయ్యాక సోమరాజుగారు తుపాకీ తెచ్చుకోడానికి స్టేషనుకి వెళ్లారు. హెడ్ కానిస్టేబులు తాతారావు ఎదురొచ్చాడు. పెళ్లికొడుకుని చూపించే పేరయ్యలా నవ్వుతూ లోపలికి తీసుకెళ్లి, గుడ్డ తొలగించి, చూసుకోండి అన్నాడు.

బల్ల మీద ఒక తుపాకీ ఉంది. గొట్టాలు స్టీలు గ్లాసుల్లా తళతళలాడుతున్నాయి.

జిల్లాకి కొత్తగా వచ్చిన పోలీసు పెద్దగారికి శుభ్రమంటే ప్రాణమట. 'మెరిసే ఆయుధం, మురిసే ప్రజ' అని ఒక కార్యక్రమం పెట్టారట. స్టేషన్లో ఉన్న తుపాకులన్నీ యజమానులకి తిరిగిచ్చేటప్పటికి మొహం కనబడేట్టు ఉండాలని ఉత్తర్వు. మిగతావి ఒక పూటలో తేలిపోయాయి. రాజుగారి తుపాకీ ఒక్కటే మొండికేసింది.

"అబ్బో, ఏం తుప్పండీ బాబూ అది," అన్నాడు తాతారావు. "ఎంత రుద్దినా కింద మళ్లీ తుప్పే. మెలికలు మెలికలుగా పట్టేసిందండి. ముగ్గురం కూచుని గరుకు కాగితాలు అరగదీశాం. కర్ర ముక్క కూడా ఊడదీసి రుద్దామండి, దాని కిందా వదల్లేదు. అంత తుప్పు వదిలించినందుకు మా స్టేషనుకి ప్రశంసాపత్రం కూడా వచ్చింది."

గోడ మీద ప్రశంసాపత్రం ఉంది. అద్దం కూడా కట్టించారు.

సోమరాజుగారు కుడి గొట్టం చివర వేలు పెట్టి చూశారు. వేలు జారింది. అరవాలో, ఏడవాలో తెలియలేదు. గోదావరి జిల్లాల మర్యాద అడ్డొచ్చి, "కష్టపడ్డారు," అన్నారు. ఆ మాట అన్నందుకు తరవాత చాలాకాలం ఆయన తన్ను తాను తిట్టుకున్నారు.

తుపాకీ పట్టుకుని బయల్దేరబోతుంటే సబ్ ఇన్‌స్పెక్టర్ వీరభద్రం ఆపారు. వీరభద్రంగారు రూల్సు మనిషి. సదరు, పైన ఉదహరించిన, తగు చర్య నిమిత్తం, ఈ మాటలు లేకుండా ఇంట్లో ఉప్మా కూడా అడగరని చెప్పుకునేవారు. ఆయన లైసెన్సు పుస్తకం తెరిచి, తుపాకీ వైపు చూసి, మళ్లీ పుస్తకం చూసి, కళ్లజోడు తీశారు.

"సదరు లైసెన్సులో గుర్తింపు చిహ్నం కింద 'గొట్టాలపై మెలికల గీతలు కలవు' అని ఉంది. సదరు ఆయుధానికి గీతలు లేవు. కావున సదరు ఆయుధం మీది కాదు."

గీతలు మీవాళ్లే కదండీ రుద్దేశారు అన్నారు సోమరాజుగారు. రికార్డు ప్రకారం తమవాళ్లు రుద్దింది తుప్పు అని వీరభద్రంగారు చెప్పారు. గీతలు రుద్దినట్టు ఎక్కడా లేదు, ప్రశంసాపత్రంలో కూడా తుప్పనే ఉంది, పెద్దగారి సంతకంతో సహా. పోనీ ఇది నాది కాకపోతే నాదేదండీ అన్నారు సోమరాజుగారు. అది మీరే చెప్పాలన్నారు వీరభద్రంగారు. ఆయుధం జాగ్రత్త లైసెన్సుదారుడి బాధ్యత. స్టేషన్లో దాచినంత మాత్రాన బాధ్యత స్టేషనుది అయిపోదు. మెలికల తుపాకీ పోగొట్టుకున్నందుకు సోమరాజుగారి మీద, ఎవరిదో తెలియని మెరిసే తుపాకీ దొరికినందుకు ఇంకా గుర్తించని వ్యక్తి మీద, రెండు విడి విడి విచారణలు మొదలవుతాయి. యజమాని లేని ఆయుధాల్ని జిల్లా కేంద్రంలో కొలిమిలో కరిగించడం రివాజు. కాబట్టి దీన్నీ కరిగిస్తారు.

అప్పటిదాకా సోమరాజుగారు, మెరిస్తే మెరిసింది, ఇంటికైనా వస్తుందనుకున్నారు. కరిగించడమనే మాట ఆయన ఊహలోకే రాలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే సుభద్రాయమ్మ అంతా వింది. తరవాత, ఇంతకీ ఆ మెలికలు నిజంగా పోయాయా అని అడిగింది. పోలేదన్నారు సోమరాజుగారు. పైన కనపడకపోయినా ఉక్కులో ఉంటాయి, పులుపు ఏదన్నా పట్టిస్తే ఇనుము ఒక రంగు, ఉక్కు ఒక రంగు తేలి మళ్లీ పైకొస్తాయి. ఆ మాత్రం తనకి తెలుసు. కానీ తుపాకీ తన చేతికొస్తే కదా పులుపు పట్టించడానికి.

"అయితే ముందు ఏదో ఒకటి చేసి ఇంటికి తెచ్చుకోండి," అంది సుభద్రాయమ్మ. "మెరుస్తున్నదే మీదని రాయించుకోండి. వాళ్లకి కావలసింది పుస్తకంలో మాట, తుపాకీ కాదు."

మాట బాగానే ఉంది. కలెక్టరాఫీసులో ఆయుధాల సెక్షన్ సూపరింటెండెంటు కూడా అదే చెప్పాడు. తుపాకీ పుస్తకంలా ఉండకపోతే పుస్తకాన్ని తుపాకీలా మార్చుకోవచ్చు. 'మెలికల గీతలు కలవు' అన్నదాన్ని కొట్టేసి 'నున్నగా, గీతలు లేకుండా ఉండును' అని సవరణకి దరఖాస్తు పెట్టుకోండి అన్నాడు. సోమరాజుగారు సంతకం చేస్తూ చేస్తూ ఆగిపోయారు. తాతగారి తుపాకీకి గీతలు లేవని తన చేత్తో రాసిస్తున్నారు. తప్పదు కాబట్టి చేశారు. అది మంజూరయ్యేసరికి ఎంతకాలం పడుతుందని అడిగితే, సూపరింటెండెంటు పంకా వైపు చూసి, అవుతుందండి అన్నాడు. అవదని దాని అర్థం అనుకుని సోమరాజుగారు పక్క గదిలోకి వెళ్లి కలెక్టరుగారికి ఇంకో మొర పెట్టుకున్నారు. అందులో డమాస్కస్ ఉక్కు గురించి, దాని మెలికలు నీటి అలల్లా ఎలా ఉంటాయో, అవి లోహంలోనే ఎలా ఉంటాయో, మనసు పెట్టి రాశారు. అక్కడే కొంప మునిగింది.

ఆ వారం వారసత్వ వారోత్సవాలు. జిల్లాలో వారసత్వం ఏదన్నా ఉంటే వెంటనే పంపమని పైనించి తాకీదు. కలెక్టరుగారు జిల్లా అంతా వెతికించినా రెండు పాత గడియారాలూ, ఒక పల్లకీ కాలూ తప్ప ఏమీ దొరకలేదు. అలాంటి సమయంలో సోమరాజుగారి కాగితం చేతికొచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి బల్ల గుద్దారట. సాయంత్రానికి 'జిల్లా డమాస్కస్ గుర్తింపు మరియు ఆస్వాదన కమిటీ' పుట్టింది.

కాగితంలో నీరు అనే మాట ఉంది కాబట్టి ముందు నీటిపారుదల శాఖకి పంపారు. గొట్టాల్లో నీరు పారుతున్న దాఖలాలు లేవని వాళ్లు వాపసు చేశారు. చివరికి మత్స్యశాఖ ఉపసంచాలకులు డాక్టర్ జలధరరావుగారు కమిటీకి అధ్యక్షులయ్యారు. ఈ గొట్టాల గురించి తనకేమీ తెలియదని ఆయన నిజాయితీగానే మొదలుపెట్టారు. నియామకపు ఉత్తర్వు అందాక తెలిసిపోయింది.

మొదటి సమావేశానికి సోమరాజుగారిని పిలిచారు. ఆయన నకిలీని ఎలా పట్టుకోవాలో, కర్ర ఊడదీసి ఎలా చూడాలో ఆశగా చెప్పారు. గుర్తింపు తరవాతి దశ అన్నారు జలధరరావుగారు. ముందు ఆస్వాదన తేల్చాలి. ఆస్వాదించడం తెలియని ఉద్యోగి గుర్తించి ఏం లాభం?

"ఆస్వాదన అనునది మౌఖికము, మౌనము అని ద్వివిధము," అని ఆయన చెప్పి రాయించారు. "మౌఖిక ఆస్వాదనలో ఉద్యోగి తలను ఎడమవైపునకు స్వల్పముగా వంచి, సంతృప్తిని వ్యక్తపరచు శబ్దము చేయవలెను. పై అధికారి ఆస్వాదన పూర్తి కాకముందు కింది ఉద్యోగి ఆస్వాదన ప్రారంభించరాదు. కింది ఉద్యోగి ఆస్వాదన పై అధికారి ఆస్వాదనను మించరాదు."

ఈ మార్గదర్శకాల ప్రకారం జిల్లా పరిషత్ హాల్లో శిక్షణ పెట్టారు. తుపాకీ పోలీసు వారి స్వాధీనంలో ఉంది, అది బయటికి రాదు. అందుకని మత్స్యశాఖ వారి దగ్గరున్న ప్లాస్టిక్ నీళ్ల పైపుని బల్ల మీద పెట్టి ఉద్యోగుల్ని వరసగా ఆస్వాదించమన్నారు. గుమాస్తాలు, ఇంజనీర్లు, అంగన్‌వాడీ పర్యవేక్షకులు, తలలు వంచి సంతృప్తి శబ్దాలు చేశారు. ఒక ఉద్యోగి తల కుడివైపు వంచినందుకు సంజాయిషీ అడిగారు. తాతారావు చాలా బాగా ఆస్వాదించాడు. ఆ పైపు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటే జలధరరావుగారు కూడా ఒక్క క్షణం నిజమేననుకున్నారు. తన ఆస్వాదనని మించిపోయినందుకు తరవాత మందలించారనుకోండి.

సోమరాజుగారు వెనక బెంచీలో కూర్చుని, ఈ పిచ్చి ఎక్కడికి పోతుందో పోనీ, దీనివల్ల కొలిమి వాయిదా పడితే చాలనుకున్నారు. పడింది. మంత్రిగారు వచ్చి వారసత్వ ప్రదర్శన ప్రారంభించేదాకా మెరిసే తుపాకీని కరిగించొద్దని కలెక్టరుగారు ఆదేశించారు. ప్రదర్శన అయిన మర్నాడు కరిగించుకోవచ్చన్నారు.

ప్రదర్శనకి తేదీ ఖాయమయ్యాక కమిటీకి ఒక చిన్న ఇబ్బంది కనిపించింది. మెలికల ఉక్కు ప్రదర్శనలో మెలికలు లేవు. ఉన్న ఒక్క తుపాకీ మీదా పోలీసుశాఖ వారు మెలికలు ఉంచలేదు. పులుపు పట్టిస్తే వస్తాయండి, నిమ్మకాయలు నేనే తెస్తాను అన్నారు సోమరాజుగారు. ప్రభుత్వ ఆస్తికి నిమ్మకాయ పూయడానికి ఏ పద్దు కిందా వీలు లేదని ఖజానా వారు చెప్పారు. రంగులకి పద్దు ఉంది. లారీల మీద నెమళ్లూ, సూర్యోదయాలూ వేసే పెయింటరుని పిలిపించారు.

ఏ మెలిక వేయాలి అన్నప్పుడు చేనేత శాఖ ప్రతినిధి లేచి, తమ దగ్గర ప్రభుత్వ ఆమోదం పొందిన డిజైను ఒకటే ఉందన్నారు. చీరల ప్రదర్శనకి వాడిన మామిడిపిందె. ఇంకేదైనా వేస్తే మళ్లీ ఆమోదానికి పంపాలి. మంత్రిగారి రాక లోపల అది అయ్యే పని కాదు. మామిడిపిందె ఖరారైంది. ఒక్క తుపాకీకి వేస్తే పక్షపాతమని విమర్శ వస్తుందేమోనని స్టేషన్లో ఉన్న యజమానుల్లేని తుపాకులన్నిటికీ వేయించారు. రంగు మిగిలితే స్టేషను మెట్ల రెయిలింగుకీ, వీరభద్రంగారి లాఠీకీ కూడా వేశారు. తాతగారి జంట గొట్టాలు ఆకుపచ్చ మామిడిపిందెల్తో, ఎర్రటి తొడిమల్తో పెళ్లిపందిరి గుంజల్లా తయారయ్యాయి.

అది చూసి సోమరాజుగారు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సుభద్రాయమ్మ బతిమాలితే, "నాన్నగారికి చీర కట్టినట్టుందే," అన్నారు. ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ప్రదర్శనలో ప్రతి తుపాకీ పక్కనా ఒక ఆస్వాదకుడు ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది. సోమరాజుగారు ఈ తుపాకీకి తనని ఆస్వాదకుడిగా వేయమని అడిగారు. యజమానిగా కాదు, ఆస్వాదకుడిగా. వీరభద్రంగారు ఆలోచించి, రూల్సులో అభ్యంతరం లేదన్నారు. తుపాకీ మీది కాదు గానీ ఆస్వాదించుకోవచ్చు అన్నారు. ఆ రోజు పొద్దున్న సుభద్రాయమ్మ టిఫిను డబ్బాలో పైన పులిహోర పెట్టి, కింద గిన్నెలో నిమ్మకాయలూ, పాత పంచె గుడ్డా, చిన్న సీసాలో కిరసనాయిలూ సర్దింది.

మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. తుపాకులు చూశారు. ఆయన తల ఎడమవైపు వంచగానే వెనక జిల్లా యంత్రాంగం అంతా హోదాల వరసలో తలలు వంచింది. తరవాత ఆయన మైకు అందుకున్నారు.

ఆ ప్రసంగం ఆ జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వారసత్వంతో మొదలై, రొయ్యల ధర మీదుగా, ఆయన చిన్నప్పుడు ఈదిన కాలువదాకా వెళ్లింది. అందరి కళ్లూ వేదిక మీదే ఉన్నాయి. కొందరివి మూతలు పడ్డాయి. సోమరాజుగారు నెమ్మదిగా కర్ర ముక్క ఊడదీశారు. మామిడిపిందెలు కర్ర అంచు దగ్గర ఠక్కున ఆగిపోయి ఉన్నాయి. నాన్నగారి పరీక్షలో నకిలీ తేలిపోయింది. ఆయనకి చిన్న నవ్వొచ్చింది. కిరసనాయిలు గుడ్డతో పిందెలన్నీ తుడిచేశారు. జిడ్డు పోయేదాకా మళ్లీ తుడిచి, నిమ్మకాయ కోసి, గుడ్డని రసంలో ముంచి, గొట్టం పొడుగునా రాయడం మొదలుపెట్టారు. రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. మంత్రిగారు రొయ్యల దగ్గర ఉండగా తళతళ తగ్గింది. కాలువ దగ్గరికి వచ్చేసరికి సన్నటి బూడిద రంగు నీడ ఏదో కదిలింది. ఇంకో కాయ పిండారు. ఒక చుట్ట తేలింది. దాని పక్కన ఇంకోటి. కుడి గొట్టం చివర చూశారు. సగం సున్నా ఉంది. కాస్త పలచబడింది, తోక అరిగింది, కానీ ఉంది. సోమరాజుగారికి కళ్లు నిండిపోయాయి. టిఫిను డబ్బా మూత పెట్టడం కూడా మరిచిపోయారు.

ప్రసంగం అయ్యాక మంత్రిగారు దిగి వెళ్తూ అక్కడ ఆగారు. ఆయన మెలికల్ని చూసి తల వంచలేదు. ఊరికే వంగి, దగ్గరగా, చాలాసేపు చూశారు. ఇదేం చిత్రమండీ, లోపల్నించి వచ్చినట్టుంది అన్నారు. మార్గదర్శకాల్లో లేని ఆ మాట ఒక్కటే ఆ రోజు జరిగిన ఆస్వాదన. మా తాతగారిదండీ అని సోమరాజుగారు అంటే, ఇది ఈయనదే అయితే ఈయనకి ఇచ్చెయ్యండి అని చెప్పి మంత్రిగారు కారెక్కారు.

కలెక్టరుగారు కమిటీ వైపు చూశారు. జలధరరావుగారు అప్పటికప్పుడు డమాస్కస్‌ని గుర్తించారు. వీరభద్రంగారు లైసెన్సు పుస్తకం తెప్పించి, గొట్టాలపై మెలికల గీతలు కలవు అని చదివి, తుపాకీ చూసి, కలవు అన్నారు. సోమరాజుగారు తన జీవితంలో అంత మధురమైన మాట ఇంకొకటి వినలేదు. మర్నాడు స్టేషనుకొచ్చి తీసుకెళ్లమన్నారు. ఆ రాత్రి వాళ్లింట్లో గారెలు వండారు.

మర్నాడు స్టేషన్లో బల్ల మీద తుపాకీ ఉంది. దాని పక్కన ఒక కవరు ఉంది. వీరభద్రంగారు నిలబడే ఉన్నారు. ఆయన మొహంలో నిజంగానే విచారం ఉంది, ఆ మాట చెప్పుకోవాలి.

సోమరాజుగారి దరఖాస్తు మంజూరైంది. మంత్రిగారు తుపాకీ గురించి ఏదో అన్నారని తెలిసి, కలెక్టరాఫీసు వారు సోమరాజుగారి పేరు మీదున్న కాగితాలన్నీ రాత్రికి రాత్రి తీసి మంజూరు చేసేశారు. ఇకనించి సదరు లైసెన్సులో గుర్తింపు చిహ్నం: 'నున్నగా, గీతలు లేకుండా ఉండును'.

సోమరాజుగారు కూర్చున్నారు. ఇప్పుడు దాన్ని మళ్లీ మార్చమని దరఖాస్తు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చన్నారు వీరభద్రంగారు. అది తేలేదాకా ఈ మెలికల తుపాకీ ఎవరిదీ కాదు. యజమాని లేని ఆయుధాల బండి మధ్యాహ్నం కొలిమికి వెళ్తోంది. మిగతావి అప్పటికే ఎక్కించారు.

తాతారావు బీరువా తెరిచి, గరుకు కాగితం కొత్త కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తలొంచుకుని నిలబడ్డాడు. ఈసారి అది ఆస్వాదన కాదు.

"రాజుగారూ, మమ్మల్ని రుద్దమంటారా, మీరే రుద్దుకుంటారా?" అన్నాడు మెల్లిగా.

సోమరాజుగారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. నేనే రుద్దుకుంటానన్నారు. ఎంత అవసరమో అంతే పోవాలని, చెయ్యి తేలిక చేసి, ఒక పక్కనించి మొదలుపెట్టారు. కుడి గొట్టం చివర చాలాసేపు ముట్టుకోలేదు. అక్కడ కొద్దిగా నీడ కనిపిస్తోందని వీరభద్రంగారు అన్నారు. తప్పనిసరై అదీ రుద్దారు. బండి హారన్ కొట్టేసరికి తుపాకీ నిగనిగలాడింది. వీరభద్రంగారు పుస్తకం చూసి, తుపాకీ చూసి, సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు. తమ సిబ్బంది కంటే బాగా రుద్దారని మెచ్చుకుని, మెరిసే ఆయుధం కార్యక్రమం కింద పౌరుల విభాగంలో ఆయన పేరు సిఫారసు చేస్తానని కూడా చెప్పారు.

ఇంటికొచ్చేసరికి సుభద్రాయమ్మ నిమ్మకాయలు కోసి పెట్టింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని, తలుపు గడియ పెట్టించి, రాయడం మొదలుపెట్టారు. నాన్నగారి మాట తప్పు కాలేదు. మెలికలు మళ్లీ వచ్చాయి. ఈ చివర్నించి ఆ చివరికి, అందంగా, జంతికల చుట్టల్లాగే వచ్చాయి. సుభద్రాయమ్మకి ప్రాణం కుదుటపడింది. ఆయన మాత్రం కుడి గొట్టం చివర వెతుకుతున్నారు. అక్కడ ఏదో మెలిక ఉంది. చక్కని మెలికే. ఎక్కడ కోసినా మడతే కదా. కానీ ఆ మడత వేరు. వేలు పెట్టి తిప్పి చూశారు. వేలికి అలవాటైన దారి అక్కడ లేదు.

"దొరికిందా?" అంది సుభద్రాయమ్మ.

ఆయన వేలు ఇంకా అక్కడే తిప్పుతున్నారు. వీధిలో ఆటో వెళ్తోంది. మైకులో ఎవరో పంచాయితీ ఎన్నికలకి నోటిఫికేషన్ వచ్చిందని, లైసెన్సు ఆయుధాలున్నవారు వెంటనే స్టేషన్లో అప్పగించాలని, పుస్తకంలో ఉన్నదానికీ ఆయుధానికీ తేడా ఉంటే కఠిన చర్యలని చదువుతున్నారు.

సుభద్రాయమ్మ నిమ్మచెక్కలన్నీ ఏరి గిన్నెలో వేసింది. ఆటో మలుపు తిరిగి మైకు వినపడకుండా పోయేదాకా ఆగింది.

"ఆ గరుకు కాగితం మిగిలింది తెచ్చారా?" అని అడిగింది.

తెచ్చానన్నారు సోమరాజుగారు.